అగ్రశ్రేణి క్రీడల్లో కైరోప్రాక్టిక్: వాడుక ఎంత, రుజువు ఎంత

కైరోప్రాక్టిక్ ప్రధానంగా చేతులతో చేసే వైద్యం. ఇందులో సాధారణంగా మందులు రాయరు, శస్త్రచికిత్స చేయరు. రోగిని బల్ల మీద బోర్లానో పక్కకు తిప్పో పడుకోబెట్టి, ఫలానా వెన్నుపూస దగ్గర చేయి ఆనించి, కీలును అది కదలగలిగిన హద్దు దాకా నెమ్మదిగా తీసుకెళ్తారు. అక్కడి నుంచి అతి కొద్ది దూరం, అతి వేగంగా ఒక్క నెట్టు నెడతారు. చాలాసార్లు టక్కుమని చప్పుడు వస్తుంది. ఆ వృత్తిలో దీన్ని ‘అడ్జస్ట్‌మెంట్’, అంటే సర్దుబాటు, అంటారు. ఈ పని చేసేవారు ఇప్పుడు అమెరికన్ ఫుట్‌బాల్, బేస్‌బాల్ జట్ల వెంట ఉంటున్నారు. గోల్ఫ్ టోర్నమెంట్లకూ, ఒలింపిక్ క్రీడాగ్రామాల వైద్యశాలలకూ కూడా వచ్చేశారు. ఇంత మంది మేటి క్రీడాకారులు వాడుతున్నారంటే అందులో ఏదో ఉండే ఉంటుందన్న వాదన సహజంగానే పుడుతుంది. కానీ ఎంత మంది వాడుతున్నారన్నది ఒక ప్రశ్న, దాని వల్ల ఏం జరుగుతోందన్నది మరో ప్రశ్న. ఈ రెండింటినీ కలిపేయడం వల్లే ఈ విషయం మీద సగం గందరగోళం. దేని జవాబు దానికి విడిగా వెతకాలి.

తెలుగువారికి ఈ పేరు కొత్త గానీ పని మరీ కొత్తది కాదు. క్షవరం అయ్యాక మంగలి తలను రెండు చేతులా పట్టుకొని అటూ ఇటూ విరిచి మెటికలు తీయడం పాత అలవాటే. నడుం పట్టేస్తే ఎదురుకాళ్ళతో పుట్టినవారి చేత తొక్కించుకోవడం పల్లెల్లో అందరికీ తెలుసు. హైదరాబాద్ పాతబస్తీలో తాలీంలలో కుస్తీ నేర్చిన పహిల్వాన్లు బెణుకులు సరిచేయడం తరాలుగా సాగుతోంది. దెబ్బలు తినే ఆట ఉన్నచోట దెబ్బలు సరిచేసే చేయి కూడా పుట్టుకొస్తుందనడానికి ఆ పహిల్వాన్లే మంచి ఉదాహరణ. పుత్తూరు కట్టు వేరు. అది విరిగిన ఎముకను కూర్చి ఆకు పసరు పూసి, వెదురు బద్దలతో బిగించే పద్ధతి. కైరోప్రాక్టిక్ విరిగిన ఎముక జోలికి పోదు, పోకూడదు కూడా. అది తాకేది కదలిక తగ్గిన కీలునే. యూరప్‌లోనూ అమెరికాలోనూ ఇలాంటి నాటు వైద్యులు ఎప్పటి నుంచో ఉన్నారు. కైరోప్రాక్టిక్ చేసిన కొత్త పనల్లా ఆ చేతిపనికి ఒక సిద్ధాంతాన్నీ, కాలేజీనీ, పట్టానూ జోడించడం.

సిద్ధాంతకర్త డేనియల్ డేవిడ్ పామర్. అంతకుముందు ఆయన అయస్కాంత చికిత్స చేసేవాడు. 1895 సెప్టెంబరులో అమెరికాలోని అయోవా రాష్ట్రం డావెన్‌పోర్ట్‌లో, తానున్న భవనంలో ఊడ్చే పని చేసే హార్వీ లిలార్డ్ వెన్ను సరిచేసి, పోయిన వినికిడి తిరిగి తెప్పించానని పామర్ ప్రకటించాడు. వినికిడిని మెదడుకు చేర్చే నాడి పుర్రె లోపలే ఉంటుంది, వెన్నులో నుంచి పోదు. కాబట్టి ఆ కథకు శరీర నిర్మాణం సాక్ష్యం పలకదు. అయినా ఆ సంఘటన నుంచే ఒక పెద్ద సూత్రం పుట్టింది. వెన్నుపూసలు స్వల్పంగా పక్కకు జరగడం వల్ల నాడులు నొక్కుకుపోతాయనీ, రోగాలన్నిటికీ దాదాపు అదే మూలమనీ పామర్ చెప్పాడు. ఆ జరుగుడుకు ‘సబ్‌లక్సేషన్’ అని పేరు పెట్టాడు. 1897లో బడి తెరిచాడు. అనుమతి లేకుండా వైద్యం చేసినందుకు 1906లో జైలుకు కూడా వెళ్ళాడు. ఆయన కొడుకు బి.జె.పామర్ ఆ బడిని పెంచి పెద్దది చేశాడు. 1913లో కాన్సాస్ రాష్ట్రం లైసెన్సుల కోసం మొదటి చట్టం చేస్తే, చివరిగా 1974లో లూయిజియానా కూడా లైసెన్సులు ఇవ్వడం మొదలుపెట్టింది.

చట్టం ఒప్పుకున్నా వైద్యరంగం ఒప్పుకోలేదు. అమెరికన్ మెడికల్ అసోసియేషన్ నీతి నియమాల ప్రకారం సభ్యుడైన డాక్టరు కైరోప్రాక్టర్‌తో కలిసి పనిచేయడం అప్పట్లో తప్పు. ఈ వెలి మీద చెస్టర్ విల్క్, మరి నలుగురు కైరోప్రాక్టర్లు 1976లో దావా వేశారు. 1987లో జడ్జి సుసాన్ గెట్జెన్‌డానర్ వారికి అనుకూలంగా తీర్పు ఇచ్చింది. పోటీని అణచే చట్టవిరుద్ధమైన కుట్ర జరిగిందని ఆమె తేల్చింది. ఆ కేసులో తేలింది వెలి చట్టబద్ధమా కాదా అన్న సంగతే. చికిత్స పనిచేస్తుందా లేదా అన్న విషయంలో కోర్టు తీర్పు చెప్పలేదు. క్రీడల చరిత్రకు మాత్రం ఆ తీర్పు పెద్ద మలుపు. అంతకు ముందు జట్టు డాక్టరుకు తెలియకుండా, తన డబ్బుతో, సాయంత్రం పూట కైరోప్రాక్టర్ దగ్గరకు వెళ్ళిన ఆటగాళ్ళకు ఆ తరువాత అదే చికిత్స శిక్షణ శిబిరంలోనే దొరకడం మొదలైంది.

నిజానికి క్రీడల్లో ఈ వృత్తి అడుగు అంతకు చాలా ముందే పడింది. 1930లలో న్యూయార్క్ యాంకీస్ బేస్‌బాల్ జట్టు ట్రెయినర్ ఎర్ల్ పెయింటర్ కైరోప్రాక్టిక్ చదువుకున్నవాడే. బేబ్ రూత్, లూ గెరిగ్ వంటి దిగ్గజాలు ఆయన చేతికింద పడుకున్నవారే. ఆ రోజుల్లో ట్రెయినర్ అంటే మర్దన, కట్టు, వేడినీళ్ళు, ధైర్యం చెప్పడం అన్నీ ఒక్కరే. ఒలింపిక్స్‌లో అమెరికా జట్టు వెంట అధికారికంగా వెళ్ళిన మొదటి కైరోప్రాక్టర్ డెట్రాయిట్‌కు చెందిన జార్జ్ గుడ్‌హార్ట్. అది 1980 లేక్ ప్లాసిడ్ శీతాకాల క్రీడల సంగతి. గుడ్‌హార్ట్ 1964లో ‘అప్లయిడ్ కైనీసియాలజీ’ అనే పద్ధతి మొదలుపెట్టాడు. చాచిన చేతిని కిందికి నొక్కి, కండరం ఎంత ఎదురు నిలుస్తుందో చూసి, లోపలి అవయవాల జబ్బులూ పోషకాల లోపాలూ చెప్పే పద్ధతి అది. పరీక్షించేవారికీ పరీక్షింపబడేవారికీ వివరాలు తెలియకుండా జరిపిన ప్రయోగాల్లో అది బొమ్మా బొరుసా కంటే మెరుగ్గా నిలవలేదు. ఒలింపిక్ తలుపు తెరిచిన మనిషి, రుజువు కాని పద్ధతిని తెచ్చిన మనిషి ఒకరే కావడం ఈ చరిత్రలో గుర్తుంచుకోవలసిన విషయం. గుర్తింపు ఒక దారిలో వచ్చింది, రుజువు మరో దారిలో రావలసి ఉంది.

ఆ తరువాత గుర్తింపు త్వరగానే పెరిగింది. అంతర్జాతీయ క్రీడా కైరోప్రాక్టిక్ సమాఖ్య 1987లో ఏర్పడింది. ఒలింపిక్స్‌లో లేని ఆటల కోసం జరిగే వరల్డ్ గేమ్స్‌లో ఈ సంస్థ తన బృందాలతో సేవలందిస్తూ వచ్చింది. 2010 వాంకూవర్ శీతాకాల ఒలింపిక్స్‌లో మొదటిసారిగా ఆతిథ్య దేశపు పాలిక్లినిక్‌లోనే కైరోప్రాక్టర్లకు చోటు దక్కింది. అంటే ఏ దేశపు క్రీడాకారుడైనా డాక్టరునీ ఫిజియోనీ కలిసే చోటే వీరినీ కలవవచ్చు. 2012 లండన్‌లోనూ అదే ఏర్పాటు కొనసాగింది. అయితే కొన్ని దేశాల జట్లు తమ కైరోప్రాక్టర్లను తెచ్చుకుంటే, మిగిలినవారు ఫిజియోలతోనే సరిపెట్టుకుంటారు. ఈ తేడా వెనక ఆ దేశంలో ఆ వృత్తికి చట్టపరమైన స్థానం ఉందా లేదా అన్నదే ఎక్కువగా కనిపిస్తుంది.

వాడుక ఎంత అన్న ప్రశ్నకు ఎక్కువగా ఉదహరించే లెక్క అమెరికన్ ఫుట్‌బాల్‌ది. నేషనల్ ఫుట్‌బాల్ లీగ్ జట్ల ట్రెయినర్లను అడిగి చేసిన సర్వే 2002లో అచ్చయింది. జవాబిచ్చిన ట్రెయినర్లలో 77 శాతం మంది ఎప్పుడో ఒకప్పుడు ఆటగాడిని కైరోప్రాక్టర్ దగ్గరకు పంపారు. 45 శాతం మంది తామే చికిత్స తీసుకున్నారు. 31 శాతం జట్లలో కైరోప్రాక్టర్ అధికారిక సిబ్బందిలో ఉన్నాడు. మరో 12 శాతం జట్లు సిబ్బందిలో పెట్టుకోకుండా బయటికి పంపేవి. ఈ అంకెలన్నిటికంటే ఎక్కువ చెప్పేది మరొకటి ఉంది. కొందరు ఆటగాళ్ళు జట్టు వైద్య సిబ్బంది పంపకుండానే వెళ్తున్నారని 61 శాతం ట్రెయినర్లు భావించారు. జట్టు వైద్యానికి తెలియకుండా సాగే వైద్యం ఏ కొలతకూ అందదు, దాని మంచీ చెడూ రెండూ లెక్కలోకి రావు. తరువాతి కాలంలో ఆ లీగ్‌లోని 32 జట్లూ కైరోప్రాక్టిక్ సేవలు అందిస్తున్నాయని కైరోప్రాక్టర్ల సంఘం చెబుతూ వచ్చింది. బేస్‌బాల్‌లోనూ ఇలాంటి సంఘమే ఉంది. గోల్ఫ్‌లో అమెరికా టూర్ పోటీల వెంట తిరిగే వ్యాయామ వాహనాల్లో కైరోప్రాక్టర్ ఉండటం మామూలు. ఒకే వైపుకు, అదే తీరులో, వేలసార్లు నడుం తిప్పే ఆట కాబట్టి అక్కడ గిరాకీ ఉండటంలో వింత లేదు.

అగ్రశ్రేణి ఆటగాడు ఈ బల్ల ఎక్కడానికి కారణాలు అర్థం చేసుకోవడం కష్టం కాదు. సాధారణ మనిషికి నడుం పట్టేస్తే డాక్టరు రెండు వారాలు ఆగమంటాడు, తగ్గిపోతుంది. లీగ్ ఆటగాడికి ఆదివారం మ్యాచ్ ఉంటే బుధవారం పట్టేసిన నడుం శనివారానికి సడలాలి. కాంట్రాక్టు ఆగదు, జట్టులో చోటు కోసం బెంచి మీద మరొకడు చూస్తూ ఉంటాడు. నొప్పి మాత్రలతో నెట్టుకురావడం పాత దారి. ఆ మాత్రలూ ఇంజెక్షన్లూ విచ్చలవిడిగా ఇచ్చి తమ ఒళ్ళు పాడు చేశారని అమెరికన్ ఫుట్‌బాల్ మాజీ ఆటగాళ్ళు 2014లో కోర్టుకెక్కారు. మాదకద్రవ్య నిరోధక నియమాలు కూడా బిగుస్తూ వచ్చాయి. 2022 జనవరి నుంచి పోటీ సమయంలో స్టెరాయిడ్ తరగతికి చెందిన గ్లూకోకార్టికాయిడ్లను ఏ దారిలో ఇంజెక్షన్ చేసినా నిషేధమే. 2024 జనవరి నుంచి నొప్పి తగ్గించే ట్రమడాల్ కూడా పోటీల్లో నిషిద్ధ జాబితాలో చేరింది. మూత్ర పరీక్షలో ఏమీ కనిపించని వైద్యానికి ఇలాంటి చోట ఆకర్షణ పెరగక మానదు. దీనికి తోడు బల్ల మీద పది నిమిషాలు ఒక మనిషి శ్రద్ధగా ఒళ్ళంతా తడిమి చూడటం, లేవగానే ఒళ్ళు తేలికైన భావన. ఈ భావన అబద్ధమేమీ కాదు, ఆటగాడికి నిజంగానే కలుగుతుంది. అది ఎంతసేపు నిలుస్తుంది, దేని వల్ల కలుగుతుంది అన్నవే తేలవలసిన సంగతులు.

మరో విషయం తెలియకపోతే పరిశోధనలన్నీ తప్పుగా అర్థమవుతాయి. జట్ల దగ్గర పనిచేసే క్రీడా కైరోప్రాక్టర్ చేసే పనికీ పామర్ చెప్పిన దానికీ పోలిక తక్కువ. వెన్ను నెట్టు ఆ పనిలో ఒక భాగమే. మిగిలినదంతా కండరాలను ఒత్తడం, సాగదీయడం, వ్యాయామాలు నేర్పడం, టేపు వేయడం. గట్టిపడిన కండరాన్ని వేలితో అదిమి పట్టి అవయవాన్ని కదిలించే ‘యాక్టివ్ రిలీజ్’ పద్ధతిని రూపొందించింది మైఖేల్ లేహీ అనే కైరోప్రాక్టరే. 2008 బీజింగ్ ఒలింపిక్స్ నుంచి ఆటగాళ్ళ భుజాల మీదా మోకాళ్ళ మీదా రంగురంగుల పట్టీలు టీవీల్లో కనిపిస్తున్నాయి. వాటిని 1970లలో కనిపెట్టిన జపాన్ వాడు కెంజో కాసే కూడా అమెరికాలో కైరోప్రాక్టిక్ చదివినవాడే. ఆ పట్టీల మహిమకు గట్టి రుజువు దొరకలేదన్నది వేరే సంగతి. ఇలా చూస్తే మంచి క్రీడా కైరోప్రాక్టర్ పనికీ, కీళ్ళ చికిత్సలో ఆరితేరిన ఫిజియోథెరపిస్టు పనికీ మధ్య గీత చాలా సన్నం. ఒకచోట ఫలితం వస్తే దాన్ని వెన్ను నెట్టుకు కట్టబెట్టాలా, మర్దనకా, వ్యాయామానికా అన్న చిక్కు అందుకే వస్తుంది.

నెట్టినప్పుడు లోపల ఏం జరుగుతుంది? చప్పుడు ఎముక చోటుకు వచ్చిన గుర్తు కాదు. కీలు లోపల జిగట ద్రవం ఉంటుంది. రెండు ఎముకల ముఖాలు ఒక్కసారి దూరం జరిగితే అక్కడ ఒత్తిడి పడిపోయి, ద్రవంలో కరిగిన వాయువు విడివడి ఖాళీ ఏర్పడుతుంది. 2015లో కెనడాలోని ఆల్బర్టా విశ్వవిద్యాలయంలో గ్రెగ్ కాచుక్ బృందం వేళ్ళ మెటికలు విరుస్తుండగా ఎం.ఆర్.ఐ.తో చిత్రీకరించి, ఆ ఖాళీ ఏర్పడే క్షణంలోనే చప్పుడు వస్తుందని చూపింది. ఒకసారి విరిచాక కాసేపటి వరకు అదే మెటిక మళ్ళీ విరగకపోవడానికి కారణం అదే. ఎముక స్థానం మారుతుందా అన్నది స్వీడన్ పరిశోధకులు 1998లో కటి వెనుక కీలు మీద అతి సున్నితమైన ఎక్స్‌రే కొలతలతో పరీక్షించారు. నెట్టు తరువాత చేత్తో చూసిన పరీక్షలు ‘సరిపోయింది’ అన్నాయి, కొలతల్లో మాత్రం ఎముక కదలనే లేదు. కాబట్టి ‘పక్కకు జరిగిన పూసను చోటులో పెట్టాం’ అనే మాట నిలవదు. నిలిచేది మరో వివరణ. ఆ వేగమైన సాగుడు కీళ్ళలోనూ కండరాల్లోనూ ఉన్న గ్రాహకాలను తట్టి లేపుతుంది. దాంతో నొప్పి సంకేతాలను వెన్నుపామూ మెదడూ స్వీకరించే తీరు కొంతసేపు మారుతుంది, బిగిసిన కండరం సడలుతుంది. నొప్పి తగ్గడానికి ఇది చాలు. రోగాలన్నిటికీ మందు అని చెప్పడానికి చాలదు.

నడుం నొప్పి మీద రుజువు ఒకమాదిరిగా ఉంది. దీర్ఘకాలిక నడుం నొప్పికి వెన్ను సర్దుబాటు గురించి 2019లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన సమీక్ష 47 ప్రయోగాలను, 9,211 మంది రోగులను కలిపి చూసింది. వ్యాయామం వంటి సిఫారసు చేసిన చికిత్సలతో సమానంగానే ఇది పనిచేస్తుందని తేల్చింది. మెరుగు కాదు, తీసికట్టూ కాదు. అమెరికన్ ఫిజిషియన్ల కళాశాల 2017 మార్గదర్శకాల్లో మందులకు ముందు ప్రయత్నించదగిన పద్ధతుల్లో దీన్ని చేర్చింది. బ్రిటన్ మార్గదర్శకాలు 2016లో వ్యాయామంతో కలిపితేనే వాడమన్నాయి. క్రీడాకారులకు దగ్గరగా ఉండే సమూహం సైనికులు. వారు వయసులో చిన్నవారు, బరువులు మోసేవారు, త్వరగా విధుల్లోకి తిరిగి రావలసినవారు. 2018లో అమెరికా సైన్యంలో నడుం నొప్పి ఉన్న 750 మంది మీద జరిగిన ప్రయోగంలో, మామూలు వైద్యానికి కైరోప్రాక్టిక్ జోడించినవారికి ఆరు వారాల్లో నొప్పి, ఇబ్బంది రెండూ ఎక్కువ తగ్గాయి. పది అంకెల కొలత మీద నొప్పిలో తేడా సుమారు ఒక అంకె. ఏ చికిత్స అందుతోందో రోగికి తెలుసు కాబట్టి, అదనంగా దొరికిన శ్రద్ధ ప్రభావం ఇందులో ఎంతో విడదీయలేం. అయినా మ్యాచ్‌కు మూడు రోజులున్న ఆటగాడికి ఒక అంకె తక్కువేమీ కాదు.

నేరుగా క్రీడాకారుల మీద జరిగిన పరిశోధనల్లో అన్నిటికంటే ఆలోచింపజేసేది ఆస్ట్రేలియాది. వేన్ హాస్కిన్స్, హెన్రీ పోలార్డ్ 2010లో అచ్చువేసిన ప్రయోగం అది. ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్‌లో అగ్రశ్రేణికి ఒక మెట్టు కింద ఆడే 59 మందిని చీటీ వేసినట్టు రెండు గుంపులు చేశారు. రెండు గుంపులకూ జట్టు ఫిజియో, డాక్టరు మామూలుగానే ఉన్నారు. ఒక గుంపుకు అదనంగా సీజనంతా క్రీడా కైరోప్రాక్టర్ చికిత్స ఇచ్చాడు. మొదట వారానికొకసారి, ఆ తరువాత వ్యవధి పెంచుతూ పోయారు. సీజన్ చివరికి చికిత్స పొందిన గుంపులో కాళ్ళ కండరాల బెణుకులు తగ్గాయి. ఎవరూ గుద్దకుండానే వచ్చే మోకాలి గాయాల వల్ల పోగొట్టుకున్న వారాలూ తగ్గాయి. పరుగు ఆటల్లో అన్నిటికంటే వేధించేది తొడ వెనుక పట్టేసే హ్యామ్‌స్ట్రింగ్. అందులోనూ తగ్గుదల కనిపించింది గానీ, యాదృచ్ఛికం కాదని చెప్పగల గీతకు వెంట్రుకవాసి ఇవతలే ఆగిపోయింది. ఫలితం ఆశ కలిగించేదే. కానీ 59 మంది అంటే చాలా చిన్న సంఖ్య. ఇద్దరు ముగ్గురి కాళ్ళు అటూ ఇటూ అయితే అంకెలు మారిపోతాయి. చికిత్సలో వెన్ను నెట్టుతో పాటు కండరాల పని కూడా కలిసి ఉంది. ఇంత మంచి ప్రశ్నకు ఇంకా పెద్ద ప్రయోగాలు, మరిన్ని జట్లతో, వేరే చేతులతో జరిగి ఉండవలసింది. లీగులు ఆటగాళ్ళ మీద పెట్టే ఖర్చు ముందు అలాంటి ప్రయోగం ఖర్చు ఎంతో కాదు. దాన్ని చేయించకపోవడం ఈ రంగంలో పెద్ద లోపం.

వరల్డ్ గేమ్స్ వంటి చోట్ల సమాఖ్య సేకరించిన వివరాలు మరో రకం. ఎంత మంది వచ్చారు, ఏ భాగానికి వచ్చారు, చికిత్సకు ముందూ తరువాతా నొప్పికి ఎన్ని అంకెలు వేశారు అని అవి చెబుతాయి. గిరాకీ ఎంతో తెలుసుకోవడానికి ఇవి పనికొస్తాయి. పోల్చడానికి చికిత్స తీసుకోని గుంపు లేదు కాబట్టి ఫలితం గురించి ఇవి ఏమీ చెప్పలేవు. నొప్పి తారస్థాయిలో ఉన్నప్పుడే ఎవరైనా క్లినిక్‌కు వస్తారు. ఆ స్థాయి నుంచి అది ఎలాగూ కొంత దిగుతుంది.

ఇక ఎక్కువ ప్రచారంలో ఉన్న వాదన ఆటతీరు మెరుగవుతుందన్నది. నొప్పి ఏమీ లేని ఆటగాడు కూడా వారం వారం సర్దుబాటు చేయించుకుంటే మరింత వేగంగా పరుగెత్తుతాడు, ఎత్తుకు ఎగురుతాడు, బంతిని ముందే పసిగడతాడు అంటారు. దీని మీద చిన్న చిన్న ప్రయోగాలు చాలానే ఉన్నాయి. 2012లో బ్రెజిల్‌లో జాతీయ స్థాయి జూడో ఆటగాళ్ళు 18 మంది మీద మెడ సర్దుబాటు పరీక్షిస్తే పిడికిలి పట్టు బలం పెరిగింది. ప్రత్యర్థి దుస్తులు పట్టుకుని విసిరే ఆటలో పట్టు చిన్న విషయం కాదు. 2008లో స్వీడన్ యువ పరుగువీరులు 17 మందికి తుంటి వెనక్కి వంగడం పెరిగింది, 30 మీటర్ల పరుగు వేగం మాత్రం మారలేదు. కీలు ఎక్కువ కదిలినంత మాత్రాన కాలు వేగంగా కదలదని ఆ ఒక్క ఫలితం చక్కగా చూపించింది. కెనడాలో 2006లో మేటి క్రీడాకారులకు పోటీకి ముందు సర్దుబాటు చేసి ఎగురుడూ పరుగూ కొలిస్తే నమ్మదగిన తేడా తేలలేదు. అమెరికా ప్రత్యేక దళాల సైనికుల మీద 2019లో జరిగిన ప్రయోగంలో రెండు వారాల చికిత్స తరువాత స్పందన వేగంలో రెండు గుంపుల మధ్య తేడా లేదు. నొప్పి లేని ఆరోగ్యవంతుల మీద ఇలాంటి ప్రయోగాల్లో మేలైనవాటిని ఏరి, కైరోప్రాక్టిక్ రంగానికే చెందిన పరిశోధకులు 2019లో ఒక సమీక్ష రాశారు. ఆటతీరు పెంచడానికి వెన్ను సర్దుబాటు వాడాలనడానికి ఆధారం లేదని అందులో తేల్చారు. సొంత వృత్తికి అనుకూలం కాని మాటను సొంత పత్రికలోనే అచ్చువేయడం ఆ వృత్తిలోని మంచి భాగానికి గుర్తు.

మేటి ఆటగాళ్ళ సాక్ష్యాలను కూడా ఈ వెలుగులోనే చూడాలి. అమెరికన్ ఫుట్‌బాల్‌లో 20 సీజన్లు ఆడిన జెర్రీ రైస్ కైరోప్రాక్టిక్ ప్రచార సంస్థకు ప్రతినిధిగా మాట్లాడాడు. గోల్ఫ్ ఆటగాడు టైగర్ వుడ్స్ ఏళ్ళ తరబడి ఈ చికిత్స తీసుకుంటున్నట్టు బాహాటంగా చెప్పాడు. అదే వుడ్స్ వెన్నుకు 2014 నుంచి 2017 వరకు నాలుగు శస్త్రచికిత్సలు జరిగాయి. చివరిదానిలో రెండు పూసలను కలిపి బిగించారు. 2019లో ఆయన మళ్ళీ మాస్టర్స్ టోర్నమెంట్ గెలిచాడు. ఈ వరుసలో నుంచి కైరోప్రాక్టిక్ ఆయన్ని నిలబెట్టిందనీ నిరూపించలేం, చెడగొట్టిందనీ నిరూపించలేం. అలాంటి ఆటగాడి వెంట శిక్షకుడు, ఫిజియో, శస్త్రవైద్యుడు, మర్దన చేసేవాడు, ఆహార నిపుణుడు అందరూ ఉంటారు. ఎవరి వాటా ఎంతో ఆ ఆటగాడికి కూడా తెలియదు. సాక్ష్యం నిజాయితీగా చెప్పినదే కావచ్చు, దాని బరువు మాత్రం ఒక మనిషి అనుభవం బరువే.

ప్రమాదాల విషయానికి వస్తే నడుంనూ మెడనూ విడిగా చూడాలి. నడుం సర్దుబాటు తరువాత ఒకటి రెండు రోజులు ఒళ్ళు నొప్పులు, బిగుతు సాధారణం. డిస్క్ బాగా జారి కాళ్ళకు తిమ్మిరి, మూత్రం పట్టు తప్పడం ఉన్నా, ఒత్తిడి వల్ల పూసలో సన్నని పగులు ఉన్నా నెట్టు ప్రమాదం. ఆ పగులు ఫాస్ట్ బౌలర్లలోనూ జిమ్నాస్ట్‌లలోనూ తరచు కనిపించేదే. యువ బౌలర్ నడుం నొప్పి పట్టేసిన నొప్పిలాగే ఉంటుంది, పరీక్ష లేకుండా తేడా తెలియదు.

మెడ కథ మరింత గంభీరం. మెదడు వెనుక భాగానికి రక్తం తీసుకెళ్ళే రెండు ధమనులు మెడపూసల పక్క రంధ్రాల్లో నుంచే పైకి వెళ్తాయి. ఆ ధమని గోడ చీలితే గడ్డకట్టిన రక్తం పైకి వెళ్ళి పక్షవాతం రావచ్చు. 2014 నవంబరులో బంతి తగిలి మరణించిన ఆస్ట్రేలియా క్రికెటర్ ఫిలిప్ హ్యూస్‌కు చీలింది మెడలోని ఆ ధమనే. మెడను ఎక్కువగా వెనక్కి వంచడం వల్ల కూడా చిక్కు రావచ్చు. 2022లో హైదరాబాద్‌లో బ్యూటీ పార్లర్‌లో తల కడిగించుకుంటుండగా ఒక మహిళకు పక్షవాతం వచ్చిన ఉదంతం పత్రికల్లో వచ్చింది. మెడ సర్దుబాటుకూ ఈ చీలికకూ సంబంధం ఉందా అన్న దాని మీద కెనడాలోని ఒంటారియోలో తొమ్మిదేళ్ళలో ఈ ధమనుల వల్ల పక్షవాతం వచ్చిన 818 కేసులు పరిశీలించారు. 2008లో అచ్చయిన ఆ అధ్యయనంలో, కైరోప్రాక్టర్‌ను కలిసినవారిలో ఎంత ఎక్కువగా కనిపించిందో మామూలు డాక్టరును కలిసినవారిలోనూ దాదాపు అంతే కనిపించింది. అంటే చీలిక వల్ల పుట్టిన మెడనొప్పితోనే వారు చికిత్సకు వెళ్ళి ఉండవచ్చు. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2014లో సంబంధం కనిపిస్తోందనీ, కారణమని రుజువు కాలేదనీ, మెడ నెట్టుకు ముందు రోగికి ఈ సంగతి చెప్పాలనీ పేర్కొంది. క్రీడల్లో దీనికి ప్రత్యేకమైన అర్థం ఉంది. రగ్బీలోనూ కుస్తీలోనూ కబడ్డీలోనూ మెడ మీద దెబ్బ పడి, అప్పటి నుంచి కొత్తరకం తలనొప్పీ మెడనొప్పీ మొదలైన ఆటగాడే సరిగ్గా మెడ సర్దించుకోవాలనుకుంటాడు. ధమని అప్పటికే చీలి ఉండే అవకాశం ఉన్న ఆ రోజుల్లోనే మెడను నెట్టకూడదు.

తలకు దెబ్బ తగిలి చాలా రోజులైనా తలతిరుగుడు, మెడనొప్పి వదలని ఆటగాళ్ళ విషయం వేరు. వీరిలో 31 మంది మీద కెనడాలో కాథరీన్ ష్నైడర్ బృందం జరిపిన ప్రయోగం 2014లో వచ్చింది. మెడకు చేత్తో చికిత్స, వ్యాయామం, సమతౌల్యపు సాధన కలిపి ఇచ్చిన గుంపులో 73 శాతం మందికి ఎనిమిది వారాల్లో తిరిగి ఆడే అనుమతి దొరికింది, ఇంకో గుంపులో 7 శాతానికే. ఆ చికిత్స చేసినవారు ఫిజియోథెరపిస్టులు. ఇక్కడ పనిచేసింది పట్టా మీద పేరు కాదు, సరైన రోగిని ఎంచి, చేతిపనికి వ్యాయామం జోడించిన పద్ధతి.

ఈ కారణంగానే కైరోప్రాక్టర్‌ను పెట్టుకుని పద్ధతిగా నడిచే జట్లలో ఏర్పాటు ఒక తీరుగా ఉంటుంది. నిర్ధారణ డాక్టరుది. స్కాన్ అవసరమా అన్నది అక్కడే తేలుతుంది. కైరోప్రాక్టర్ చేసిన ప్రతి పనీ అందరూ చూసే ఒకే రికార్డులోకి ఎక్కుతుంది. నాలుగైదు సిట్టింగులకు తేడా లేకపోతే దారి మారుస్తారు. సీజనంతా వారానికి రెండుసార్లు రావాలని మొదటి రోజే డబ్బు కట్టించుకునే ప్యాకేజీలకు ఇక్కడ చోటు ఉండదు. ఎక్స్‌రే తీసి వంపులు చూపించి భయపెట్టడానికీ ఉండదు.

భారతదేశంలో పరిస్థితి వేరు. జాతీయ క్రికెట్, బ్యాడ్మింటన్, అథ్లెటిక్స్ జట్ల కీళ్ళూ కండరాలూ ప్రధానంగా ఫిజియోథెరపిస్టుల చేతుల్లోనే ఉన్నాయి. 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టంలో ఫిజియోథెరపీకి తన స్థానం ఉంది. కైరోప్రాక్టిక్‌కు అమెరికా రాష్ట్రాల బోర్డుల్లాంటి, 1994 చట్టంతో ఏర్పడిన బ్రిటన్ జనరల్ కైరోప్రాక్టిక్ కౌన్సిల్ లాంటి మండలి ఇక్కడ లేదు. పూర్తిస్థాయి శిక్షణకు కనీసం 4,200 గంటలు కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లో సూచించింది. విదేశాల్లో అన్ని గంటలూ చదివి వచ్చినవారూ, కొద్ది రోజుల కోర్సుతో బోర్డు పెట్టినవారూ మన నగరాల్లో ఒకే పేరుతో కనిపిస్తారు. టవలు మెడకు చుట్టి తల లాగే వీడియోలు ఫోన్లలో తిరుగుతున్నాయి, వాటిని చూసి జిల్లా స్థాయి కబడ్డీ, వెయిట్‌లిఫ్టింగ్ పిల్లలు అలాంటి చోట్లకు వెళ్తున్నారు. వారి శిక్షకులకు ఫిజియో అందుబాటులో ఉండటమే అరుదు. ఆ పిల్లలను బల్ల ఎక్కించే ముందు పూసలో పగులు ఉందా, మెడకు ఈ మధ్య దెబ్బ తగిలిందా, కాళ్ళలో తిమ్మిరి ఉందా అని అడిగే బాధ్యత ఇప్పటికి ఏ చట్టమూ ఎవరి మీదా ప్రత్యేకంగా పెట్టలేదు.